అక్కడికి వెళ్లాక మళ్లీ చదవాలా?

చదువు – కొలువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. పరాయి దేశం వెళ్లినవాళ్లు, వెళ్లబోయేవాళ్లు ఇంకో డిగ్రీ చేస్తే మంచి ఉద్యోగం వస్తుందా అని. అందరికీ సరిపోయే జవాబు లేదు. ఉద్యోగం దేని దగ్గర ఆగిందో చూడాలి. వీసా దగ్గర ఆగితే చదువు ఒక రకంగా పనికొస్తుంది, లైసెన్సు దగ్గర ఆగితే ఇంకో రకంగా. భాష దగ్గర ఆగితే డిగ్రీతో పనే లేదు. ఫీజులు, నిబంధనలు ఏటా మారేవే కాబట్టి డబ్బు కట్టే రోజున ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మరోసారి సరిచూసుకోండి.

మా తమ్ముడు జేఎన్‌టీయూ అనంతపురం అనుబంధ కాలేజీలో 2015లో సివిల్ పూర్తి చేశాడు. బెంగళూరులో ఏడేళ్లు సైట్ ఇంజినీరు. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చి టొరంటో వెళ్లి తొమ్మిది నెలలైంది, గోదాములో పెట్టెలు సర్దుతున్నాడు. అక్కడ ఏడాది పీజీ సర్టిఫికెట్ చేస్తే తప్ప ఉద్యోగం రాదంటున్నారట. చేయమందామా?
— ఒక అక్క, తాడిపత్రి

పీఆర్ కోసం మీ తమ్ముడు డిగ్రీకి ఈసీఏ (మన డిగ్రీ అక్కడి ఏ చదువుతో సమానమో తేల్చే పరిశీలన) చేయించి ఉంటాడు. అది ఇమిగ్రేషన్ వాళ్లు పాయింట్లు లెక్కపెట్టుకోవడానికి పనికొచ్చే కాగితం. పీఆర్ చేతికి రావడంతో దాని పని దాదాపు అయిపోయింది. ‘నా డిగ్రీ కెనడా డిగ్రీతో సమానమని రాసిచ్చారు కదా, మరి ఎవరూ పిలవరేం’ అని చాలామంది మథనపడేది ఇక్కడే. లైసెన్సు ఇచ్చే సంస్థ తన లెక్క తను వేసుకుంటుంది, కంపెనీ తన లెక్క తను.

టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో ‘ప్రొఫెషనల్ ఇంజినీర్’ అన్న పేరు పెట్టుకోవాలన్నా, డ్రాయింగు మీద ముద్ర వేయాలన్నా పీఈఓ అనే సంస్థ ఇచ్చే లైసెన్సు ఉండాలి. దానికి డిగ్రీ పరిశీలన, 48 నెలల అనుభవం, చట్టం–నీతి నియమాల మీద ఒక పరీక్ష కావాలి. డిగ్రీని బట్టి అదనంగా సాంకేతిక పరీక్షలూ అడగొచ్చు. 2023 మే దాకా ఆ 48 నెలల్లో 12 నెలలు కెనడాలో చేసినవై ఉండాలనేవారు. ఆ షరతు తీసేశారు. అంటే బెంగళూరులో చేసిన ఏడేళ్లూ లెక్కకొస్తాయి, రాసి చూపించగలిగితే.

చిక్కంతా ఆ రాయడంలోనే ఉంది. మన రెజ్యూమెల్లో ‘సైటు పర్యవేక్షించాను, బిల్లులు చూశాను’ అని రాస్తాం. వాళ్లడిగేది అది కాదు. పునాది తవ్వుతుంటే అనుకోని చోట నల్లరేగడి తగిలింది అనుకోండి. ఎవరికి చెప్పాడు, మట్టి పరీక్ష ఏం తేలింది, పునాది లోతు ఎంత నుంచి ఎంతకు మార్చమన్నాడు, ఏ కోడ్ చూసి, ఖర్చు ఎంత పెరిగింది, తర్వాత పగులు వచ్చిందా లేదా. ఒక్కో సామర్థ్యానికి ఇలాంటి ఒక్కో సంఘటన రాయాలి. పక్కన దాన్ని నిజమని చెప్పే పాత సీనియరు పేరు, ఈమెయిలు ఉండాలి. ఆ సీనియర్లు కంపెనీలు మారి ఫోన్లకు అందకుండా పోకముందే ఈ పని మొదలుపెట్టమనండి. డిగ్రీ చేయడం కన్నా ఇది చవక. ఎక్కువమంది వాయిదా వేసేది కూడా ఇదే.

లైసెన్సు వచ్చేదాకా గోదాములోనే ఉండనక్కర్లేదు. లైసెన్సున్న ఇంజినీరు కింద పనిచేయడానికి లైసెన్సు అడగరు. ఎస్టిమేటర్, ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, సైట్ ఇన్‌స్పెక్టర్, మెటీరియల్ టెస్టింగ్ టెక్నీషియన్ లాంటి కొలువుల మీద పడాలి. కాంక్రీటు స్లంప్ (ఎంత జారుడుగా ఉందో) చూడడం, పరీక్షకు సిలిండర్లు పోయడం మీ తమ్ముడికి కొత్తేమీ కాదు. అక్కడి క్షేత్ర పరీక్షల సర్టిఫికెట్ కొద్ది రోజుల శిక్షణతో, ఒక పరీక్షతో వస్తుంది. ఇంకో మాట. సైటు ఉద్యోగాల ప్రకటనల్లో డిగ్రీతో పాటు కనిపించే షరతు ఒంటారియో జి క్లాసు డ్రైవింగ్ లైసెన్సు. మన ఆర్టీఓ నుంచి లైసెన్సు ఎక్స్‌ట్రాక్టు (లైసెన్సు వివరాల ధ్రువపత్రం) తెప్పించుకుంటే పాత డ్రైవింగు అనుభవం చూపించి ముందుకు జరగొచ్చు.

ఇక పీజీ సర్టిఫికెట్. ఒక ఆదివారం కూర్చుని తనకు నచ్చిన ఉద్యోగాల ప్రకటనలు ముప్పై తీయమనండి. ఒక్కొక్కదాంట్లో ‘తప్పనిసరి’ అన్నవి మాత్రం కాగితం మీద గీతలు పెట్టుకుంటూ పోవాలి. సాఫ్ట్‌వేర్ పేరు ఎన్నిసార్లు వచ్చింది, లైసెన్సు ఎన్నిసార్లు, స్థానిక కోడ్ ఎన్నిసార్లు, డిప్లొమా ఎన్నిసార్లు. స్థానిక బిల్డింగ్ కోడ్, ఒక సాఫ్ట్‌వేర్ తేలితే వాటికి సాయంత్రం కోర్సులు రెండు చాలు. మొత్తం సర్టిఫికెట్టే చేయాలనిపిస్తే కో–ఆప్ ఉన్నదే చేయాలి, అంటే కోర్సు మధ్యలో కంపెనీలో జీతంతో పనిచేసే టర్ము ఉండాలి. కో–ఆప్ లేని ఏడాది కోర్సు చేసి బయటికొచ్చినా, చేతిలో కాగితం పెరుగుతుందే గానీ అక్కడి యజమాని ఎవరికీ మీవాడు తెలిసి ఉండడు. మన డిగ్రీకి విలువ తగ్గేది అందులో చెప్పిన పాఠం వల్ల కన్నా, ఆ కాలేజీ ఏమిటో అక్కడివాళ్లకు తెలియకపోవడం వల్ల.

పీఆర్ ఉన్నవాళ్లకు స్థానిక ఫీజే పడుతుంది, అంతర్జాతీయ విద్యార్థుల ఫీజు కాదు. ప్రభుత్వ విద్యార్థి సాయానికీ అర్హత ఉంటుంది. విదేశాల్లో చదివిన వృత్తి నిపుణుల కోసం ఒంటారియో ప్రభుత్వ సాయంతో నడిచే బ్రిడ్జింగ్ కోర్సులూ ఉన్నాయి. వాటిని చూడకుండా ఏజెంటు చెప్పిన కాలేజీలో చేరవద్దు. 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో 25 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న కంపెనీలు ఉద్యోగ ప్రకటనలో ‘కెనడా అనుభవం తప్పనిసరి’ అని రాయకూడదు. రాయకపోయినంత మాత్రాన మనసులో అనుకోరని కాదు, కానీ రెజ్యూమె మొదటి జల్లెడలోనే పోకుండా కొంత ఆపుతుంది.

అమ్మాయి ఆదోనిలో జీఎన్ఎం (మూడేళ్ల నర్సింగు డిప్లొమా) చేసి కర్నూలు ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా ఐసీయూలో పనిచేస్తోంది. విదేశానికి పంపాలని ఉంది. ఏజెంటు ముందు రెండేళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ (జీఎన్ఎం తర్వాత చేసే నర్సింగు డిగ్రీ) చేయించమంటున్నాడు, వాళ్లకు తెలిసిన కాలేజీ ఉందట.
— ఒక తల్లి, ఆదోని

‘తెలిసిన కాలేజీ’ అన్న మాట దగ్గరే ఒక నిమిషం ఆగండి. పోస్ట్ బేసిక్ చెడ్డదని కాదు. ఇక్కడ ప్రమోషన్లకు, టీచింగుకు పనికొస్తుంది. కానీ విదేశీ నర్సింగు కొలువుకు అడ్డం పడేది ఎక్కువగా భాష, ఆ తర్వాత లైసెన్సు పరీక్ష, ఆ తర్వాత పనిలో విరామం. రెండేళ్లు వార్డు వదిలి క్లాసులో కూర్చుంటే మూడో అడ్డాన్ని మీరే తెచ్చిపెట్టుకున్నట్టు. గల్ఫ్ లైసెన్సు సంస్థలు ఇటీవలి రెండేళ్లలో ఎక్కడ పనిచేశారని ప్రత్యేకంగా చూస్తాయి. ఐసీయూలో నాలుగేళ్లు ఆగకుండా చేసిందంటే మీ అమ్మాయి చేతిలో ఉన్న బలం అదే.

బ్రిటన్ నర్సింగు కౌన్సిల్‌కు జీఎన్ఎం సరిపోతుంది. ఐఈఎల్‌టీఎస్‌లో చదవడం, వినడం, మాట్లాడడం ఒక్కోదానికి 7, రాయడంలో 6.5 రావాలి. లేదా వైద్యరంగం వాళ్ల ఇంగ్లిషు పరీక్ష ఓఈటీలో బీ గ్రేడు, రాయడంలో సీ ప్లస్ చాలు. నర్సులకు ఓఈటీ కాస్త సులువు, అడిగేది డిశ్చార్జి ఉత్తరాలు, రోగితో సంభాషణ లాంటివే కాబట్టి. తర్వాత కంప్యూటరు మీద రాసే సీబీటీ పరీక్ష ఇక్కడే రాయొచ్చు. లెక్కలు 15 ప్రశ్నలు, నర్సింగు 100. తప్పేవాళ్లు ఎక్కువగా మందు మోతాదు లెక్కల్లోనే తప్పుతారు. చివరిగా బ్రిటన్ వెళ్లాక పది స్టేషన్ల (ఒక్కో చోట ఒక్కో పని చేసి చూపించే) ప్రాక్టికల్. కాకపోతే అక్కడి ఆసుపత్రులు విదేశీ నర్సులను తీసుకోవడం ఈమధ్య బాగా తగ్గించాయి. పరీక్షలు పాసైనంత మాత్రాన ఆఫర్ వెంటనే వస్తుందనుకోవద్దు.

జర్మనీలో ఖాళీలున్నాయి, భాషే అసలు పరీక్ష. చాలా ఆసుపత్రులు జర్మన్ భాషలో బీ1 (మధ్యస్థ) స్థాయితో తీసుకుంటాయి గానీ పూర్తి నర్సుగా గుర్తింపు దానిపై స్థాయి బీ2 లేకుండా రాదు. అందాకా సహాయకురాలి జీతమే. రోజుకు నాలుగైదు గంటలు కూర్చుంటే బీ2కి ఏడాది పడుతుంది. పోస్ట్ బేసిక్ చదువుకు పోయే ఆ రెండేళ్లూ, ఆ ఫీజూ దీనికి పెడితే మేలని మా అభిప్రాయం. అక్కడి అధికారులు మన సిలబస్‌ను వాళ్లదానితో గంటల లెక్కన పోల్చి, తక్కువైనవి రాసి ఒక నోటీసు ఇస్తారు. ఆ లోటు తీర్చడానికి రెండు దారులు, ఒకటి పరీక్ష, రెండోది ఆసుపత్రిలో పనిచేస్తూ చేసే సర్దుబాటు కోర్సు. నోటీసు చిన్నదిగా రావాలంటే నర్సింగు స్కూలు నుంచి ఏ వార్డులో ఎన్ని గంటలు, థియరీ ఎన్ని, ప్రాక్టికల్ ఎన్ని అన్న పట్టిక సంతకం, ముద్రతో ముందే తెచ్చుకోవాలి. ‘మూడేళ్ల కోర్సు పూర్తి చేశారు’ అని ఒక్క లైను ఇస్తే అక్కడ ఏదీ లెక్కకు రాదు. చిన్న స్కూళ్లు మూతపడితే ఆ రికార్డు దొరకడం మహా కష్టం, కాబట్టి ఈ వారమే వెళ్లండి.

అమెరికాకు ఎన్‌క్లెక్స్ (నర్సుల లైసెన్సు పరీక్ష) రాయాలి. కంప్యూటరు అభ్యర్థిని బట్టి 85 నుంచి 150 ప్రశ్నల మధ్య ఎక్కడైనా ఆపేస్తుంది, సమయం అయిదు గంటలు. మెడికల్–సర్జికల్, పిల్లలు, ప్రసూతి, మానసిక రోగ విభాగాల్లో థియరీ, ప్రాక్టికల్ ఒకే కాలంలో జరిగాయా అని కొన్ని రాష్ట్రాలు పట్టి పట్టి చూస్తాయి. పరీక్ష అయినా వీసాకు నిరీక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకని దాన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

ప్రొద్దుటూరు దగ్గర కాలేజీలో బీటెక్ మెకానికల్. కువైట్‌లో షూన్ (కంపెనీ) వీసా మీద టెక్నీషియన్‌గా ఉన్నాను. అకామాలో (నివాస అనుమతి కార్డులో) ఇంజినీర్ అని మార్చుకోవాలంటే దూరవిద్యలో ఎంటెక్ చేస్తే అవుతుందా?
— ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

కాదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

2018 నుంచి కువైట్‌లో ఇంజినీరు హోదాకు అక్కడి ఇంజినీర్ల సంఘం ఆమోదం కావాలి. భారతీయుల విషయంలో వాళ్లు చూసేది మన ఎన్‌బీఏ (ఇంజినీరింగు కోర్సుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు. ఇక్కడ చాలామంది రెండు చోట్ల పొరబడతారు. కాలేజీ గేటు మీద పెద్దక్షరాలతో రాసుకునే నాక్ గ్రేడు వేరు, ఎన్‌బీఏ వేరు. పైగా ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇచ్చేది కాదు, ఒక్కో బ్రాంచికి, ఇన్నేళ్లకని ఇస్తారు. కాలేజీలో ఈసీఈకి ఉండి మెకానికల్‌కు లేకపోవచ్చు. ఉన్నా మీరు పాసైన తర్వాత వచ్చి ఉండొచ్చు. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు కొట్టి, మీ బ్రాంచి ఎదురుగా ఉన్న తేదీలు మీ చదువు ఏళ్లతో కలుస్తాయో లేదో చూసుకోండి. కలిస్తే దరఖాస్తు పెట్టండి. కలవకపోతే పైన ఎన్ని డిగ్రీలు పేర్చినా వాళ్లు మొదట అడిగేది బీటెక్కే.

దూరవిద్యలో ఇంజినీరింగు సంగతి ఇంకా పాడు. ప్రయోగశాల లేకుండా ఇచ్చే ఆ డిగ్రీల మీద సుప్రీంకోర్టు 2017 నవంబరులోనే గట్టి తీర్పు ఇచ్చింది. ఇక్కడే నిలవని కాగితం ఎంబసీ ముద్ర దాకా వెళ్లదు.

మెకానికల్ వాళ్లకు గల్ఫ్‌లో జీతం పెంచేది వేరే ఉంది. వెల్డింగు తనిఖీ, ఎన్‌డీటీ (లోహాన్ని పాడుచేయకుండా లోపాలు పట్టే పరీక్షలు) లెవెల్ 2, భద్రత వైపు వెళ్లాలనుకుంటే నెబోష్ సర్టిఫికెట్. వీటి శిక్షణ వారాల్లో అయ్యేది. చమురు కంపెనీల కాంట్రాక్టుల్లో పేరు పెట్టి అడిగేవి. లెవెల్ 2కు శిక్షణ గంటలతో పాటు నెలల అనుభవం కూడా రికార్డు చేసి ఉండాలి. అది లేకుండా మూడు రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామనే చోట్లున్నాయి. సైటులో క్లయింటు పరీక్ష పెట్టిన రోజున దొరికిపోతారు.

మా సిన్నోడు ఎనిమిదితో బడి మానేసినాడు. ఇప్పుడు ఇరవై మూడేండ్లు. ట్రాక్టరు, లారీ బాగా తోలతాడు. కువైట్‌లో మా బామ్మర్ది ఖాదిం (ఇంటి పని) వీసా తీస్తానంటాండాడు. పదో తరగతి పాసైతే ఇంగా మంచి పని దొరుకుతాదా, ఇట్లనే పంపిచ్చేదా?
— ఒక రైతు, కమలాపురం

ఓపెన్ స్కూల్లో పది రాయించండి. అయిదు సబ్జెక్టులు చాలు, బడికి రోజూ పోనక్కర్లేదు. పది పాసైతే పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ చెక్ (పనికి వెళ్లేముందు మన ప్రభుత్వం నుంచి తీసుకునే అనుమతి) అక్కర్లేని తరగతిలోకి వస్తాడు. కంపెనీల్లో డ్రైవరు, స్టోర్ కీపరు లాంటి పనులకు ప్రకటనల్లో అడిగే కనీస చదువూ అదే.

దీనికన్నా పెద్ద తేడా వీసాది. ఖాదిం వీసా మీద పోతే కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో పనికే. బయట పని చేస్తూ దొరికితే కేసు. ఇంటి పనివాళ్ల చట్టం ప్రకారం రోజుకు పనిగంటలు 12 దాకా ఉండొచ్చు. కంపెనీ వీసాకు వర్తించే 2010 నాటి కార్మిక చట్టంలో అవి 8. మీవాడు లారీ తోలగలడు కాబట్టి హెవీ లైసెన్సు పూర్తిచేసుకుని కంపెనీ వీసాకే చూడడం మంచిది. ఆర్నెల్లో ఏడాదో ఆలస్యమైనా నష్టం లేదు.

ఒకవేళ ఇప్పుడే పంపితే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పించుకునే దొంగదారి వద్దు. విజిటింగ్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే ఒప్పుకోవద్దు. క్లియరెన్సుతో పాటు చేయించే ప్రవాసీ భారతీయ బీమాలో ప్రమాద మరణానికి 10 లక్షలు ఉంటుంది. ఏజెంటును పట్టుకుంటే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. రిజిస్టర్డు ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30 వేలు, పైన జీఎస్టీ. మన ఊళ్లలో దానికి ఎన్ని రెట్లు తీసుకుంటున్నారో మీకు మేం చెప్పాలా.

ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేశాను. పెళ్లయి హెచ్–4 (ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద డల్లాస్‌లో ఉన్నాను, ఈ నెలలో కర్నూలు వచ్చాను. అక్కడ ఎంఎస్ చేస్తే ఉద్యోగం చేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

మీకు ఉన్న అడ్డు వీసా. చదువు దాన్ని కొంత దాటిస్తుంది, పూర్తిగా కాదు.

ముందు మీవారి గ్రీన్‌కార్డు దారి ఎక్కడుందో కనుక్కోండి. ఆయన ఐ–140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషను) ఆమోదమై ఉంటే హెచ్–4 మీదే పని అనుమతికి మీరు దరఖాస్తు చేయొచ్చు. 2015 నుంచి ఉన్న వెసులుబాటు ఇది. అది చేతికొస్తే ఎంఎస్ అవసరమా కాదా అన్నది తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

ఐ–140 ఇంకా దూరమైతే, హెచ్–4 మీద చదువుకోవడానికి అడ్డులేదు. చాలా రాష్ట్రాల్లో నివాసం రుజువు చేసుకుంటే స్థానిక ఫీజే కట్టొచ్చు. విద్యార్థి వీసా ఎఫ్–1 మీద ఉన్నవాళ్లకు లేని లాభం ఇది. కానీ హెచ్–4 మీదే డిగ్రీ ముగిస్తే ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకునే అనుమతి) ఉండదు. అది ఎఫ్–1 వాళ్లకే. అందుకని చదువు పూర్తయ్యేలోగా ఎఫ్–1కు మారాలి. మార్పు దరఖాస్తుకు నెలలు పడుతుంది గనుక చివరి సెమిస్టరు దాకా ఆగితే చేయి దాటిపోతుంది. మొదట్లో కొన్ని సబ్జెక్టులు హెచ్–4 మీద తక్కువ ఫీజుతో చేసి, తర్వాత మారేవాళ్లున్నారు. మారాక స్థానిక ఫీజు నిలుస్తుందో లేదో అదే యూనివర్సిటీలో రాతపూర్వకంగా అడగండి. ఓపీటీ 12 నెలలు. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, గణితం) జాబితాలోని కోర్సయితే మరో 24. మీ మ్యాథ్స్‌కు స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ సహజంగా కుదురుతాయి, అవి ఆ జాబితాలో ఉన్నవే.

ఆ తర్వాతి హెచ్–1బీ (ఉద్యోగ వీసా) లాటరీలో ఏటా 85 వేల వీసాలు. అందులో 20 వేలు అమెరికా మాస్టర్స్ ఉన్నవాళ్లకు. ఆ కోటాకు ప్రభుత్వ యూనివర్సిటీ గానీ లాభాపేక్ష లేని ప్రైవేటు యూనివర్సిటీ గానీ ఇచ్చిన డిగ్రీయే చెల్లుతుంది. వ్యాపార ధోరణితో నడిచే చోట మాస్టర్స్ చేస్తే డిగ్రీ ఉంటుంది, కోటా ఉండదు. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల రుసుము దేశం బయట ఉన్నవాళ్ల కొత్త పిటిషన్లకు. అక్కడే ఉండి హోదా మార్చుకునేవాళ్లకు వర్తించదని అధికారులు తర్వాత స్పష్టం చేశారు. పిటిషను నడుస్తున్నప్పుడు మాత్రం ఇంటికి రావాలని విమానం ఎక్కకండి, మార్పు దరఖాస్తు వదులుకున్నట్టవుతుంది.

బీఫార్మసీ చేశాను. అమెరికాలో ఎంఎస్ ఫార్మస్యూటిక్స్ చేసి ఫార్మసిస్టు కావచ్చా?
— ఒక విద్యార్థి, కడప

ఎంఎస్‌తో పరిశోధన, తయారీ కంపెనీల్లోకి వెళ్లొచ్చు. మందుల షాపు కౌంటరు వెనక నిలబడే లైసెన్సు రాదు. విదేశీ ఫార్మసిస్టుల అర్హత పరీక్ష ఎఫ్‌పీజీఈఈకి, 2003 జనవరి 1 తర్వాత పాసైనవాళ్లకు కనీసం అయిదేళ్ల ఫార్మసీ కోర్సు ఉండాలి. మన బీఫార్మ్ నాలుగేళ్లే. పైన ఎంఫార్మ్ కలిపి ఆరేళ్లు అంటే ఒప్పుకోరు. ఆరేళ్ల ఫార్మ్‌డీ అయితే సరిపోతుంది. కెనడాలో నాలుగేళ్ల బీఫార్మ్‌ను పరిశీలనకు తీసుకుంటారు. పత్రాల పరిశీలన, మూల్యాంకన పరీక్ష, రెండు భాగాల అర్హత పరీక్ష, ఆపైన శిక్షణ. కౌంటరు మీద పని చేయాలన్న కోరిక గట్టిగా ఉంటే కెనడా వైపు చూడండి.

మా పిల్లోడికి లండన్‌లో ఏడాది ఎమ్మెస్సీకి సీటొచ్చింది. పాతిక లక్షలు అప్పు. మూడెకరాలు తోట ఉంది, బ్యాంకుకు పెడదామనుకుంటున్నా. తిరిగొస్తుందా?
— ఒక తండ్రి, కళ్యాణదుర్గం

లెక్క చూడండి. పాతిక లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకుంటే చదువు ఏడాది, ఉద్యోగం వెతుక్కునే ఏడాది కలిపి రెండేళ్లకు వడ్డీ అయిదున్నర లక్షల దాకా అవుతుంది. అది కట్టకుండా వదిలేస్తే ముప్పై లక్షల యాభై వేల మీద పదేళ్ల వాయిదా నెలకు దాదాపు 42 వేలు. ఇక్కడ ఉద్యోగం చేస్తూ కట్టగలిగేది కాదు, అక్కడ మంచి ఉద్యోగం వస్తేనే.

ఆ ఉద్యోగానికి అక్కడి ప్రభుత్వం పెట్టిన గీత ఎత్తుగా ఉంది. 2025 జులై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి. కొత్తగా చదువు ముగించినవాళ్లకు కొన్నేళ్లపాటు 33,400. డిగ్రీ స్థాయి పనే అయి ఉండాలి. హోటల్లో, కేర్ హోమ్‌లో పని దొరికినా దానితో వీసా నిలవదు. చదువయ్యాక రెండేళ్లు ఉండనిచ్చేవారు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు అది 18 నెలలు. మీవాడి కోర్సు ఎప్పుడు ముగుస్తుందో దాన్ని బట్టి ఏది పడుతుందో చూసుకోండి. చదివేటప్పుడు వారానికి 20 గంటలే పని. దాంతో తిండి, బస్సు ఖర్చులు సర్దుకోవచ్చు గానీ ఫీజు కట్టే ఆశ పెట్టుకోవద్దు.

తోట విషయం. చాలా బ్యాంకులు విద్యారుణానికి సాగుభూమిని తాకట్టు తీసుకోవు. అప్పు తీరకపోతే కోర్టుకు పోకుండా ఆస్తి వేలం వేసే చట్టం సాగుభూమికి వర్తించదు, అందుకని. పట్టణంలో ఇల్లో స్థలమో అడుగుతారు. అప్పుడు తోట పేరు మీద ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెద్దామనే ఆలోచన వస్తుంది. దానికి మాత్రం మా సమాధానం గట్టిగా వద్దు. అది ఏడాదికి 24 శాతం. అబ్బాయి బీటెక్ అయి రెండు మూడేళ్ల అనుభవం ఉంటే, ఆ అనుభవానికి దగ్గరి కోర్సే అయితే, బ్యాంకు అప్పుతో వెళ్లడంలో అర్థముంది. డిగ్రీ ముగియగానే ‘బిజినెస్ మేనేజ్‌మెంట్’ అని సీటు వచ్చి ఉంటే రెండేళ్లు ఆగమనండి. సీట్లు ఎక్కడికీ పోవు.

ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఇరవై దాకా చేశాను. విదేశీ కంపెనీలు చూస్తాయా?
— ఒక పాఠకుడు, జమ్మలమడుగు

వీడియోలు చూస్తే వచ్చేవాటిని చూడవు. పర్యవేక్షణలో పరీక్ష పెట్టి ఇచ్చేవాటిని చూస్తాయి, సీసీఎన్ఏ (కంప్యూటరు నెట్‌వర్కులు), క్లౌడ్ కంపెనీల పరీక్షలు, పీఎంపీ (ప్రాజెక్టు నిర్వహణ) లాంటివి. పీఎంపీకి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ చూపించాలి. రెజ్యూమెలో ఇరవై రాస్తే ఉన్న ఒక్క మంచిదీ కనపడకుండా పోతుంది. రెండు ఉంచి తక్కినవి తీసేయండి.

టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. డిగ్రీ ఓడీలో (ఒరిజినల్ పట్టాలో) ఇంటిపేరు చివర వచ్చింది. ట్రాన్‌స్క్రిప్టు (అన్ని సెమిస్టర్ల మార్కుల అధికారిక పత్రం) పంపాలంటే ఇబ్బందా?
— ఒక పాఠకురాలు, గుంతకల్లు

మన దగ్గర ఇంటిపేరు ముందు రాసి పొడి అక్షరంతో సరిపెట్టే అలవాటు వల్ల ఈ ఇబ్బంది ఇంటింటికీ ఉంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే ఇంకా కష్టం. అమెరికా వీసాలో పేరు మొత్తం ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత బ్యాంకులో, జీతం చిట్టీలో అదే పేరైపోతుంది.

మీ విషయంలో పాస్‌పోర్టు సరిగానే ఉంది కాబట్టి దాన్ని కదపకండి. డిగ్రీల మీద పేరు మార్పించడం నెలల పని. ‘ఈ మూడు పేర్లూ ఒకరివే’ అని నోటరీ అఫిడవిట్ తీసుకోండి. మన డిగ్రీని విదేశీ చదువుతో పోల్చి చూసే మూల్యాంకన సంస్థ దరఖాస్తులో ‘ఇతర పేర్లు’ అన్న గడిలో టెన్త్ పేరు, డిగ్రీ పేరు కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, చుక్కలతో సహా రాయండి. అక్కడ ఖాళీ వదిలేసినవాళ్ల ఫైళ్లే ఎక్కువగా ఆగుతాయి.

ట్రాన్‌స్క్రిప్టుకు ముందు ఆ మూల్యాంకన సంస్థలో ఆన్‌లైన్ ఖాతా తెరిచి రిఫరెన్సు నంబరు తెచ్చుకోవాలి. ఆ నంబరు యూనివర్సిటీకిచ్చే ఫారంలోనూ, కవరు మీదా ఉండాలి. కవరు యూనివర్సిటీ వాళ్లే అంటించి, మూత అతుకు మీద సంతకం, ముద్ర రెండు వైపులకూ పడేలా వేయాలి. దాన్ని మీరు విప్పారా, మళ్లీ మొదటికే. ఏ యూనివర్సిటీకి వెళ్లాలన్నదీ చూసుకోండి. జేఎన్‌టీయూ విడిపోయింది 2008లో, కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ వచ్చిందీ అప్పుడే. కాలేజీ ఇప్పుడు ఎవరి కిందున్నా, మీ ఓడీ మీద ఏ పేరుందో ఆ పరీక్షల విభాగంలోనే ముందు అడగాలి. సప్లీలు రాసి ఉంటే ఆ మెమోలన్నీ, కన్సాలిడేటెడ్ మెమో, ఓడీ జిరాక్సులు రెండేసి సెట్లు తీసుకెళ్లండి. ఒక్క సెమిస్టరు మెమో తక్కువైనా ఆ రోజు కౌంటరు దగ్గర పని కాదు.